తాళం వదలని చెయ్యి

మా ఇంట్లో తాళం పడితే విద్య. మా ఆవిడ ప్రయోగశాలలో తాళం పడితే జబ్బు. ఈ రెండూ ఒకే ఇంట్లో ఎలా ఇమిడాయా అని చుట్టాలు నవ్వుకునేవాళ్ళు. మేమూ నవ్వుకునేవాళ్ళమే, మా కూతురు నస్రీన్‌కు మూర్ఛలు మొదలయ్యేదాకా.

నా పేరు సిలార్. డోలు వాయిస్తాను. నా మేనమామ మీరాసాయిబు సన్నాయి విద్వాంసుడు. నాకు విద్య నేర్పి, కూతురు మెహరున్నీసానిచ్చి పెళ్ళి చేశాడు. చిలకలూరిపేట చుట్టుపక్కల మాలాంటి ముసల్మానుల ఇళ్ళలో తాతల నాటి నుంచీ ఉన్న విద్య ఇది. తెల్లవారితే గుడిలో భూపాలం, ముహూర్తానికి పెళ్ళిలో కీర్తనలు, సాయంత్రం ఊరేగింపులో సినిమా పాటలు, ఉరుసుకు ఖవ్వాలీ. ఇది శాస్త్రీయమా, అది కాదా అని ఎవరైనా వాదన పెట్టుకుంటే మామ సన్నాయి తుడుచుకుంటూ "ఊది చూడు నాయనా, ఊపిరి ఒకటేగా" అనేవాడు. మెహర్ మాత్రం సన్నాయి పట్టలేదు. పెద్ద చదువులు చదివి, గుంటూరులో మెదడు మీద పరిశోధన చేసే సంస్థలో చేరింది. నేను తోలు మీద కొడతాను, నువ్వు తలకాయల మీద కొడతావు అని నేను ఆటపట్టించేవాణ్ణి.

నస్రీన్‌కు మాటలతో పాటే తాళం వచ్చింది. నేను సాధన చేస్తుంటే పక్కన కూర్చుని తొడ మీద వేసేది. మా మేళగాళ్ళ ఇళ్ళలో పిల్లలకు ఒక పరీక్ష ఉంటుంది. తాళం వేస్తున్న పిల్లను మధ్యలో "చాల్లే, ఆపెయ్" అంటాం. జీడిపప్పు చూపిస్తాం, బయట ఎవరో పిలుస్తున్నారంటాం. ఆపిందా, నెత్తిన ఒక మొట్టికాయ. సన్నాయి ఆగేదాకా చెయ్యి ఆగకూడదు, అదీ నియమం. నస్రీన్ ఒక్కసారి కూడా మొట్టికాయ తినలేదు. మొట్టే అవకాశమే ఇవ్వదే అని మామ మురిసిపోయేవాడు.

మూడో తరగతిలో ఉండగా, అన్నం తింటూ తింటూ కంచం మీదికి ఒరిగిపోయింది. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి, కళ్ళు పైకి పోయాయి. ఆ తర్వాత బళ్ళో, బజార్లో, నిద్రలో. మందులు మార్చారు, పెంచారు, కలిపి ఇచ్చారు. వచ్చిన ప్రతిసారీ మునుపటికంటే ఎక్కువసేపు ఉండేది. "ఈసారి ఆగకుండా వస్తే మా చేతుల్లో ఏమీ ఉండదు" అని చెప్పేశాడు డాక్టరు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం. మెహర్ ఏడవలేదు. నేను ఏడిచాను.

ఒక సాయంత్రం ఆమె నన్ను డోలు ముందు కూర్చోమంది. నస్రీన్‌ను ఎదురుగా కూర్చోబెట్టింది.

"ఆదితాళం వెయ్యి బావా."

వేశాను. రెండో ఆవర్తం రాకముందే పిల్ల చెయ్యి నా దెబ్బల మీదికి వచ్చేసింది.

"చూశావుగా. మెదడులో కణాలు కూడా ఇట్టాగే. ఒకదాన్ని చూసి ఇంకోటి, అన్నీ కలిసి ఒకే దెబ్బ కొట్టటం మొదలెడితే దాన్నే మూర్ఛంటాం. ఇప్పుడు దానికి అందకుండా వాయించు."

నాకూ పంతం వచ్చింది. నడక మార్చాను, కాలం మార్చాను, ఎత్తుగడ మార్చాను. పిల్ల ఒక్క క్షణం తడబడి మళ్ళీ పట్టుకునేది. పట్టుకున్నప్పుడల్లా పళ్ళన్నీ బయటపెట్టి నవ్వేది.

"ఎన్ని మార్చినా మన పద్ధతిలోనే మారుస్తావు నువ్వు" అంది మెహర్. "పద్ధతి తెలిస్తే మెదడు ముందే పోయి కాచుక్కూర్చుంటది. ఏ పద్ధతిలోనూ నిలవని పాట కావాలి. మూర్ఛ కాచుక్కూర్చోటానికి దానికి చోటు దొరక్కూడదు."

ఆ పాటను ఆమె తయారు చేసింది. దాన్ని వినిపించే టోపీకి వాళ్ళ సంస్థ పెట్టిన ఇంగ్లీషు పేరు నాకు నోరు తిరగదు. ఇంట్లో టోపీ అనే అనుకునేవాళ్ళం. అది పెట్టుకున్నవాళ్ళ మెదడు తర్వాత వచ్చే స్వరం ఏదని ఊహిస్తోందో పసిగట్టి, ఆ స్వరాన్ని తప్పించి దాని పక్కింటి స్వరాన్ని అందిస్తుంది. దానికోసం మామ సన్నాయీ, నా డోలూ రికార్డు చేసి పట్టుకెళ్ళి అందులో పోసింది. నాట్లేసే ఆడవాళ్ళ పాటలు, పీర్ల పండగ తప్పెట్లు, చర్చి పాటలు, సినిమా పాటలు, ఎక్కడెక్కడివో వయొలిన్ గుంపులు, అన్నీ పోసింది.

మొదటిసారి స్పీకర్లో పెట్టి మాకు వినిపించింది. మోహనలో ఎత్తుకుంది. నాలుగు పలుకులు పోయేసరికి అది బురదలో వంగిన ఆడవాళ్ళ గొంతు. అది ఎప్పుడు మారిందో నాకు తెలియలేదు. ఆ గొంతు కిందే తప్పెట మోగుతోంది, చూస్తే అది నా డోలే. దాని మీదికి ఏదో పరాయి దేశపు తీగ వచ్చి, ఖవ్వాలీ అయి, మళ్ళీ ఎక్కడో కీర్తన చరణంలో తేలింది. మామ కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎంత గొప్పగా ఉందే తల్లీ! అతుకు కనపడితే ఒట్టు." ఇంకాస్త దగ్గరికి జరిగి, "మరి ముక్తాయింపు ఏదే దీనికి?" అన్నాడు.

"ముక్తాయింపు ఉండకూడదు నాయనా. ఉంటే మెదడు దానికోసం కాచుక్కూర్చుంటది."

"అయ్యో, ఇల్లు లేని పాటన్నమాట" అన్నాడు మామ. మెహర్ నవ్వింది.

టోపీని ముందు వేరే రోగుల మీద పరీక్షించారు. రైతులు, గుమాస్తాలు, కాలేజీ పిల్లలు. మూర్ఛలు తగ్గాయి. టోపీ తీసేశాక పాట కాసేపు చెవుల్లో తిరిగి పోయేదట, సినిమా చూసొచ్చిన వాళ్ళకు పాట తిరిగినట్టు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. మా పిల్ల వంతు వచ్చింది.

ప్రయోగశాలలో తెల్లటి కుర్చీ మీద నస్రీన్ కాళ్ళు నేలకు అందక ఊగుతున్నాయి. భయపడుతోంది. టోపీ పట్టీ గడ్డం కింద నేనే బిగించాను. ధైర్యం చెబుదామని, రోజూ సాధనలో అనే మాటే అన్నాను.

"తాళం వదలొద్దమ్మా."

"నేనెందుకు వదుల్తా నాన్నా!" అంది, నాకు ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

మెహర్ మీట నొక్కింది. పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. చెయ్యి తొడ మీద లేచింది, తడుముకుంది, దెబ్బ వేసింది. తప్పింది. మళ్ళీ వేసింది. టోపీ తప్పిస్తోంది, పిల్ల వెతుక్కుంటోంది. నాకు ముచ్చటేసింది, నా కూతురు యంత్రంతో పోటీ పడుతోందని.

మూర్ఛలు ఆగిపోయాయి. రోజూ పొద్దున ఆ కుర్చీ, తర్వాత బడి. ఇంట్లో మళ్ళీ నవ్వులు వినిపించాయి. మెహర్ ఒకరోజు సేమియా పాయసం చేసి వీధంతా పంచింది. నస్రీన్ చెయ్యి అన్నం తింటున్నా కదులుతూనే ఉంటే మేం ముసిముసిగా నవ్వుకున్నాం. తర్వాత జడ సగం అల్లుకుని వదిలేయడం మొదలెట్టింది. "నాన్నా, ఇవాళ బళ్ళో" అని మొదలెట్టి ఆగిపోయేది. కలిపిన అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయేది. మొదలెట్టిన ఏ పనికీ చివర కనిపించడం మానేసింది. నిద్ర తగ్గింది. నేను మెహర్‌తో చెప్పేసరికి ఆమె అప్పటికే టోపీ ఆపించింది.

టోపీ తీసేసినా పాట ఆగలేదు. ఇప్పుడు దాన్ని పిల్లే వాయించుకుంటోంది, లోపల.

ఒక పొద్దున పిలిస్తే పలకలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. గొంతులోంచి సన్నగా రాగం, అది రాగమూ కాదు, పాటా కాదు. ఎక్కడా ఆగకుండా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి జారుతోంది. చెయ్యి తొడ మీద వెతుక్కుంటూ పడుతోంది, లేస్తోంది. ఎత్తుకుని పరిగెత్తాను. నా భుజం మీద కూడా ఆ చెయ్యి పడుతూనే ఉంది.

ఆస్పత్రిలో మత్తు ఇచ్చారు. రెప్పలు మూతపడ్డాయి. దుప్పటి మీద చూపుడు వేలు మాత్రం కదులుతోంది. గొట్టంలోంచి గ్లూకోజు ఎక్కిస్తున్నారు. మంచం పక్కనున్న తెర మీద గుండె గీతను చూసి మెహర్ ముఖం పాలిపోయింది.

"గుండె కూడా చేతి వెంట పోతోంది బావా. చెయ్యి ఎటు మారితే అటు మారతా ఉంది."

"అయితే ఏమవుద్ది?"

"అట్టా ఎంతసేపు పోగలదు? అలిసిపోద్ది." నా చొక్కా పట్టుకుంది.

మామ సన్నాయి తెచ్చాడు. కచేరీ ఏదైనా మంగళంతో ముగియాలి, మంగళం పాడితే పిల్ల మెదడు పాట ముగిసిందనుకుంటుందని ఆయన ఆశ. డాక్టర్లు ఒప్పుకున్నారు, ఏం చెయ్యాలో వాళ్ళకూ తోచడం లేదు. మంచం పక్కన నిలబడి మామ మంగళం ఊదాడు. అరవై ఏళ్ళ ఊపిరంతా అందులో పెట్టాడు. నస్రీన్ గొంతు దాన్ని అందుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. మంగళం చివరి స్వరం దగ్గరికి వచ్చి, మెల్లగా పక్కకు వంగి, జోలపాటయింది, జోలపాట తప్పెటయింది. మామ సన్నాయిని నోటి నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుని అట్టాగే కూలబడ్డాడు.

మెహర్ తన గదిలో పాత రికార్డులు ముందేసుకుంది. మిగతా రోగులందరి మెదళ్ళూ పాటను వింటూ వింటూ జారవిడిచాయి. నస్రీన్‌ది ఎక్కడా జారవిడవలేదు. అందని చోట కూడా గోళ్ళతో పట్టుకుని వేలాడింది. మొదటిరోజు తీసిన వీడియోను మెహర్ వెనక్కి తిప్పి తిప్పి చూసింది. నన్ను పిలిచింది. తెర మీద నేను పట్టీ బిగిస్తున్నాను.

"తాళం వదలొద్దమ్మా" అంది తెర మీది నా గొంతు.

మెహర్ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. "నాకూ తోచలేదు బావా" అంది. "సన్నాయి ఇంట్లో పుట్టి, పాట తెలిసినోళ్ళ మీద దీన్ని పరీక్షించాలని నాకు తోచలేదు. తాళం రానోళ్ళు వదిలేస్తారు. మనోళ్ళు చచ్చినా వదలరు."

మంచం దగ్గరికి పరిగెత్తాను. పిల్ల చెవి దగ్గర నోరు పెట్టాను.

"తాళం వదిలెయ్ తల్లీ. నాన్నను చెప్తున్నా. చాల్లే, ఆపెయ్."

చెయ్యి ఇంకాస్త గట్టిగా పడింది. పరీక్ష అనుకుంది. నేను నేర్పిన పరీక్షే. ఎంత బతిమాలితే అంత గట్టిగా పట్టుకుంటోంది, పెదవి చివర ఒక చిన్న నవ్వు కూడా, నేను మోసపోను నాన్నా అన్నట్టు. నా తల మంచం ఇనుప కమ్మీకేసి కొట్టుకున్నాను. ఎవరో వచ్చి పట్టుకున్నారు.

ఆ నవ్వు చూసే మెహర్‌కు తట్టిందట. ఆస్పత్రి వరండాలో నన్నూ వాళ్ళ నాన్ననూ కూర్చోబెట్టి అడిగింది.

"నాయనా, మన మేళంలో ఎత్తుకున్న కీర్తనను మధ్యలో తెంచటం ఎప్పుడన్నా ఉందా?"

"తెంచటమా? పాపం గదంటే!" అన్నాడు మామ. అని, ఆగిపోయాడు.

"గట్టిమేళం" అన్నాను నేను.

తాళి కట్టే క్షణంలో పంతులు చెయ్యెత్తుతాడు. అప్పుడు మేళం ఏ కీర్తనలో ఉన్నా, ఏ చరణం మధ్యలో ఉన్నా, అక్కడికక్కడ తెంచేసి డోళ్ళు దబదబా బాదాలి, సన్నాయి పైస్థాయిలో గుక్కపట్టాలి. ఎవరి తుమ్మూ, ఎవరి ఏడుపూ, ఏ చెడ్డమాటా పెళ్ళికూతురి చెవిన పడకుండా కప్పెయ్యాలి. దానికి రాగం లేదు, తాళం లేదు. మా పిల్లలకు తాళం వదలడానికి అనుమతి ఉన్నది అదొక్కచోటే. నస్రీన్ ఎన్ని పెళ్ళిళ్ళలో నా పక్కన కూర్చుందో. పంతులు చెయ్యి లేవగానే తాళం వదిలేసి రెండు చెవులూ మూసుకుని కిలకిలా నవ్వేది.

నేను లేచి నిలబడ్డాను. మెహర్ నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"మొత్తం విను. ఊరికే చెవుల్లో కొడితే మంగళాన్ని కలుపుకున్నట్టే దీన్నీ కలిపేసుకుంటది. టోపీలోంచి నేరుగా పంపాలి, పూర్తి జోరుతో. పంపితే తాళాన్ని పట్టుకునే చోటే తెగిపోద్ది."

"తెగితే?"

"బతుకుద్ది. మాట ఉంటది, మనం గుర్తుంటాం, అని అనుకుంటన్నా. పాట ఉండదు. ఏ పాటా."

"చెవుడొస్తదా?"

"వినపడుద్ది బావా. చప్పుడుగా వినపడుద్ది. మూర్ఛలు కూడా మళ్ళీ రావొచ్చు."

"నా బిడ్డకు పాట లేకుండా నా చేత్తోనే కొట్టమంటున్నావా?" అని అరిచాను. వరండాలో అందరూ తిరిగి చూశారు. "ఎవరన్నా కొట్టనీ. ఏదన్నా రికార్డు పెట్టు."

"అది పెరిగింది నీ చేతి కింద. నువ్వు తెంచితేనే తెంచుద్ది."

మామ బతుకంతా పాటే, మాకు అన్నం పెట్టిందీ పాటే. సన్నాయికి కొత్త పీక తొడిగి, నాలుక మీద తడి చేసుకుని లేచాడు.

"పాటదేముందిరా? పిల్ల బతకాలి. లే" అన్నాడు.

నస్రీన్ తలకు టోపీ మళ్ళీ పెట్టారు. పట్టీ ఈసారి మెహర్ బిగించి, మా ముందు పెట్టిన మైకుల తీగలు టోపీకి కలిపింది. నేను నేల మీద కూర్చుని డోలు ఒళ్ళోకి తీసుకున్నాను. కుడి వేళ్ళకు తొడుగులు ఎక్కించుకుంటుంటే ఒకటి జారి మంచం కిందికి దొర్లిపోయింది. తెచ్చుకుని మళ్ళీ తొడుక్కున్నాను. ముందు కీర్తన వాయించాలి, తెంచడానికి ఏదో ఒకటి ఉండాలిగా. మామ మోహన ఎత్తుకున్నాడు. నేను ఆదితాళంలో కలిశాను. పిల్ల చెయ్యి నా దెబ్బను గుర్తుపట్టింది. ఎన్నాళ్ళ తర్వాతో సరిగ్గా నా మీద పడింది, దెబ్బకు దెబ్బ, మా ఇంటి వరండాలో పడినట్టు. ఆ రెండు ఆవర్తాలు చాలు నాకు, ఇక్కడే ఆగిపోతే ఎంత బాగుండు అనుకున్నాను.

మెహర్ చెయ్యెత్తింది.

నా చేతులు లేవలేదు. చెయ్యెత్తితే తెంచని డోలుగాణ్ణి మా మేళంలో ఎవరూ చూసి ఉండరు. మామ సన్నాయి పైస్థాయిలో కేక పెట్టింది. మెహర్ చెయ్యి ఇంకా పైకి ఎత్తింది. "బావా!" అంది. అప్పుడు కొట్టాను. కళ్ళు మూసుకుని కొట్టాను. తాళం లేకుండా, దయ లేకుండా, నేర్చుకున్నదంతా మరిచిపోయి కొట్టాను. ఎడమచేతి పుల్ల విరిగితే అరచేత్తో కొట్టాను. మెహర్ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని ఆపేదాకా ఆపలేదు.

గది నిశ్శబ్దంగా ఉంది. పిల్ల చెయ్యి దుప్పటి మీద వెల్లకిలా పడి ఉంది. కదలడం లేదు. తెర మీద గీత ఒక్కసారి తడబడి, మామూలు నడక అందుకుంది.

చాలాసేపటికి నస్రీన్ కళ్ళు తెరిచింది. మమ్మల్ని ఒక్కొక్కరినే చూసింది.

"నాన్నా, ఆకలేస్తంది" అంది. మాట పూర్తిగా అంది.

మామ పసిపిల్లాడిలా ఏడ్చాడు. సంతోషం పట్టలేక సన్నాయి తీసి మనవరాలికి ఇష్టమైన ఆనందభైరవి ఒక్క పలుకు ఊదాడు. నస్రీన్ చెవులు మూసుకుంది.

"తాతా, ఎందుకట్టా గిన్నె గీకుతున్నావు?"

ఆయన సన్నాయి దించి, "తప్పయిందమ్మా" అన్నాడు. ఆ తర్వాత ఇంట్లో ఆయన సన్నాయి తియ్యలేదు.

టోపీ ఇప్పుడు ఎంతోమందిని బతికిస్తోంది. మెహర్ అదే పని చేస్తోంది, వాళ్ళలో మా పిల్లలాంటి పిల్లలున్నారు మరి. టోపీ పెట్టేముందు ప్రతి రోగినీ తాళం వెయ్యడం వచ్చా అని అడుగుతారు. వచ్చు అంటే పెట్టరు. మా పిల్లకు మూర్ఛలు మళ్ళీ వస్తున్నాయి, అప్పుడప్పుడు, చిన్నవి. అందుకే ఒంటరిగా వదలం, పెళ్ళిళ్ళకు వెంట తీసుకెళ్తాం. చెవుల్లో దూది పెట్టుకుని శ్రుతిపెట్టె పక్కన కూర్చుని బొమ్మలు గీసుకుంటుంది. నేను వాయించేటప్పుడు దానివైపు చూడను. చూస్తే చెయ్యి తప్పుతుంది.

మొన్న నరసరావుపేటలో పెళ్ళి. పంతులు చెయ్యెత్తాడు. కీర్తన తెంచి గట్టిమేళం అందుకున్నాం. పక్కన ఏదో కదిలితే తల తిప్పాను. నస్రీన్ చెవుల్లో దూది తీసేసింది. పందిట్లో జనాన్నంతా ఆశ్చర్యంగా చూస్తోంది. ఆ ఒక్కసారికి మా అందరికీ వినిపించేదీ తనకు వినిపించేదీ ఒకటే, ఉత్త చప్పుడు. నా వైపు తిరిగి నవ్వింది. మెల్లగా రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టడం మొదలెట్టింది, ఎక్కడ పడితే అక్కడ, ఎట్లా పడితే అట్లా. గట్టిమేళంలో తప్పు దెబ్బ అనేది లేదు.

మూడు ముళ్ళూ పడ్డాయి. అక్షింతలు పడ్డాయి. మామ సన్నాయి దించి నా వైపు చూశాడు. ఆపమని పంతులు చెయ్యి ఊపుతున్నాడు, పెళ్ళివాళ్ళు తిరిగి చూస్తున్నారు. నా కూతురు చప్పట్లు కొడుతూనే ఉంది. నేను ఆపలేదు.